పది రూపాయలు చెయ్యని ప్రాణి

1860లో రాసిన భారత శిక్షాస్మృతి ప్రాణులకు ధర కట్టింది. ఒకరి జంతువును మరొకరు చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా 428వ సెక్షను కింద రెండేళ్ల దాకా ఖైదు వేయవచ్చు. అయితే ఆ జంతువు విలువ పది రూపాయలో, ఆ పైనో ఉండాలి. ఆ తర్వాతి సెక్షనులో ఏనుగు, ఒంటె, గుర్రం, కంచరగాడిద, గేదె, ఎద్దు, ఆవు పేర్లు వరసగా ఉన్నాయి. వాటికి ధరతో పని లేదు, శిక్ష కూడా ఎక్కువ. కోడి పేరు ఆ వరసలో లేదు. పది రూపాయల గీత దాటే కోడి ఆ రోజుల్లో గంజాం జిల్లాలోనే కాదు, మద్రాసు రాజధాని మొత్తంలోనూ దొరకడం కష్టం. పందెం పుంజుకు అంత పలికితే పలికి ఉండవచ్చు గానీ, పందెగాడు పుంజు పోయిందని పోలీసు గడప తొక్కే మనిషి కాడు.

ఆ పది రూపాయల గీత 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చాకే చెరిగిపోయింది. పెరటి కోడిని, పంజరంలో చిలకను చట్టం ఎంతకాలం పట్టించుకోలేదో చెప్పడానికి ఇదొక గుర్తు. వాటికొచ్చే రోగాల విషయంలోనూ జరిగింది ఇదే.

గంజాం జిల్లాలోని గోపాలపూర్, బరంపురం, ఛత్రపురం అప్పట్లో మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవి. పశువుల అంటురోగాల మీద ఆ ప్రభుత్వం చేసిన మొదటి చట్టం 1866 నాటిది. ఆ ఏడు ఎలాంటిదో చూడాలి. ఇంగ్లండులో గొడ్లకు పెద్ద జాడ్యం వచ్చి అక్కడి పార్లమెంటు హడావిడిగా చట్టం చేసింది. ఇక్కడ ఒడిశాను, దానితోపాటు గంజాంను కరువు కాల్చేసింది. దుక్కిటెద్దు చస్తే పొలం బీడు పడుతుంది, శిస్తు ఆగిపోతుంది. కాబట్టి ఎద్దుకు చట్టం వచ్చింది. తర్వాత వంతు గుర్రానిది: గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ రోగం మీద 1899లో ఒక చట్టం, డౌరిన్ మీద 1910లో మరొకటి. ఫిరంగి బండ్లు లాగేదీ, రౌతును మోసేదీ గుర్రమే. ఈ రెంటికీ ముందే, 1898లో విదేశాల నుంచి వచ్చే పశుసంపద మీద దిగుమతి చట్టం ఒకటి వచ్చింది. అది పేరు పెట్టి చెప్పినవి గుర్రాలు, ఆవులు, ఒంటెలు, గొర్రెలు. మిగతా ఏ జంతువునైనా తర్వాత నోటిఫికేషనుతో చేర్చుకోవచ్చని ఒక మాట అన్నారు. పక్షికి దొరికిన చోటు ఆ మాటే.

గోపాలపూర్ అప్పుడు నిద్రపోతున్న రేవేమీ కాదు. బరంపురానికి పదిహేను పదహారు కిలోమీటర్ల దూరంలోని ఆ తీరం నుంచి రంగూనుకు ఆవిరి ఓడలు నడిచేవి. గంజాం పల్లెల నుంచి తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కూలిపనికి వేల సంఖ్యలో బర్మా వెళ్లి వస్తుండేవారు. రేవులో లోతు లేక పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగేవి. మనుషులనూ సరుకులనూ పడవల్లో వాటి దాకా చేర్చేది తీరంలోని తెలుగు జాలర్లు. వాళ్లను ఒడిశా తీరమంతా నోలియాలని పిలుస్తారు. 1897లో ప్లేగు భయంతో వచ్చిన అంటువ్యాధుల చట్టం ప్రయాణికుణ్ణి ఆపి పరీక్షించే అధికారం సర్కారుకు ఇచ్చింది. ఓడ వంటగది కోసం గూళ్లలో పెట్టుకున్న కోళ్లను ఆపి చూడాలన్న ఆలోచన ఆ చట్టంలో లేదు.

అలా చూడకపోతే ఏమవుతుందో 1926లో తెలిసింది.

ఆ ఏడాది జావాలో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. అదే ఏడాది ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గరి ఫారంలోనూ అదే జరిగింది. టి.ఎం. డోయల్ అనే పశువైద్య శాస్త్రవేత్త దీనికి కారణం కొత్త వైరస్ అని తేల్చి, ఆ ఊరి పేరే పెట్టాడు. తూర్పు దేశాల నుంచి ఓడల మీదే రోగం వచ్చి ఉంటుందన్నది అప్పటి అనుమానం. మరో ఏడాదికల్లా మన కుమావూ కొండల్లోని రాణీఖేత్ కంటోన్మెంటులో అదే రోగం బయటపడింది. దాన్ని గుర్తించింది ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధనశాలకు చెందిన జె.టి. ఎడ్వర్డ్స్. మన దేశంలో దానికి రాణీఖేత్ పేరు స్థిరపడింది. తెలుగు పల్లెల్లో పుస్తకం పేరు ఏదైనా, అది కొక్కెర తెగులే. కోడి నోరు తెరిచి గురగుర ఊపిరి తీస్తుంది, పచ్చగా పారుతుంది, రెక్కలు వేలాడేస్తుంది, మెడ మెలి తిప్పి ఆకాశం చూస్తుంది. పొద్దున గంప ఎత్తేసరికి సగం చచ్చి ఉంటాయి, సాయంత్రానికి మిగిలిన సగం. 1926కు ముందు కూడా ఇది మన ఊళ్లలో ఉందా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు.

ఇక్కడ రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. బ్రిటన్ 1936లో కోళ్ల జాడ్యం మీద ఆజ్ఞ జారీ చేసింది: రోగం కనబడితే సర్కారుకు చెప్పాలి, సోకిన మందను చంపాలి. భారతదేశం మాత్రం సూది పట్టుకుంది. ముక్తేశ్వర్‌లో 1940ల నాటికి ఆ వైరస్‌ను గుడ్లలో పెంచి, బలం తగ్గించి టీకా తయారు చేశారు. ఇవాళ్టికీ పశువుల ఆస్పత్రిలో ఎనిమిది వారాలు దాటిన కోడి రెక్క కింద వేసే ఆర్2బి టీకా ఆ వంశానిదే. తెలివితక్కువ నిర్ణయమని దీన్ని కొట్టిపారేయలేం. చట్టం పెట్టాలంటే చెప్పేవాడుండాలి, రాసుకునేవాడుండాలి, చంపిన కోడికి డబ్బు కట్టే ఖజానా ఉండాలి. పెరటి కోడి ఏ శిస్తు లెక్కలోనూ లేదు. అది ఇంటావిడ చేతి ఖర్చు, పండగ నాటి కూర, అల్లుడొచ్చిన రోజు మర్యాద. ఎద్దు చస్తే మునసబుకు కబురు వెళ్లేది. కోడి చస్తే పొరుగింటికి కూడా చెప్పరు, చెబితే మిగిలినవి అమ్ముడుపోవు.

బ్రిటన్‌లో ఆ ఆజ్ఞ వచ్చిన 1936లోనే, ఏప్రిల్ 1న, గంజాం మద్రాసును వదిలి కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరింది. జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, గోపాలపూర్ అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, మందస, టెక్కలి ఇటు మిగిలాయి. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య పాతిక కిలోమీటర్ల దూరం. పెళ్లి సంబంధాలు, సంతలు, కోడిగుడ్ల బుట్టలు ఎప్పటిలాగే తిరిగాయి గాని, చట్టాలు మాత్రం ఆ గీత దగ్గర ఆగిపోయాయి. మద్రాసు 1940లో పశువుల ముసర వ్యాధి మీద ప్రత్యేక చట్టం తెస్తే అది ఇచ్ఛాపురం వరకే. 1950లో మద్రాసు చేసిన ఇంకో చట్టం పేరులోనే పక్షులు కనిపిస్తాయి. అది జంతు, పక్షి బలుల నిషేధ చట్టం. కోడి రోగంతో చావడం గురించి చట్టం ఒక్క మాట అనకముందే, గుడి ముందు కోయకూడదని ఒక చట్టం వచ్చింది. సరిహద్దుకు ఇవతల అమ్మవారికి పుంజును కోస్తే నేరం, అవతలి ఊళ్లో ఆ చట్టం వర్తించదు.

పంజరంలో చిలకది ఇంకో కథ. 1929-30ల్లో దక్షిణ అమెరికా చిలకల ద్వారా మనుషులకు పాకిన జ్వరం అమెరికాను, ఐరోపాను బెంబేలెత్తించింది. 1930 జనవరిలో అమెరికా అధ్యక్షుడు హూవర్ చిలకల దిగుమతినే ఆపేశాడు. పక్షిని మనిషి ఆరోగ్యానికి ముప్పుగా చూసి తలుపు మూసిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మన దగ్గర రామచిలకను పంజరంలోంచి తప్పించింది అంటురోగాల చట్టం కాదు, వన్యప్రాణి చట్టం. 1972లో దాన్ని చేశారు, 1991 సవరణతో దేశీయ అడవి పక్షుల వ్యాపారం మీద పూర్తి నిషేధం పడింది. చీటీలు తీసే చిలక జోస్యగాడి చేతిలోని పక్షి అలా అక్రమమైంది. విదేశీ చిలకలు పెంచేవాళ్లు వాటిని నమోదు చేయించుకోవాలన్న నిబంధనలు 2024లో గానీ రాలేదు.

కోడి విలువ మారింది పెరట్లో కాదు, షెడ్డులో. గోదావరి జిల్లాల్లో లేయర్ ఫారాలు పెరిగి, ఒక్కో షెడ్డులో వేలకు వేల కోళ్లు చేరాక, ఆంధ్ర గుడ్లు లారీల్లో ఇచ్ఛాపురం దాటి, గిరిసోల చెక్‌పోస్టు మీదుగా ఒడిశా అంతా పాకాయి. ఇప్పుడు కోడి చస్తే బ్యాంకు అప్పు కదులుతుంది, మొక్కజొన్న ధర కదులుతుంది, మంత్రి ఫోను మోగుతుంది. 2006 ఫిబ్రవరి 18న మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లలో బర్డ్ ఫ్లూ ఖాయమైంది. దేశంలో అదే మొదటిసారి. ఆ జబ్బుతో అప్పటికే ఆసియాలో మనుషులు చనిపోతున్నారు. తెలుగు ఊళ్లలో కోడిమాంసం ధర నేలకు దిగింది, భయం పోగొట్టడానికి చికెన్ మేళాలు పెట్టారు. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్ బీర్భూమ్‌లో మొదలైన జబ్బు పెరటి కోళ్లలోకి పాకి, నలభై లక్షలకు దగ్గరగా కోళ్లను చంపాల్సి వచ్చింది. సంచుల్లో కోళ్లు పట్టే సిబ్బందికి కనబడకుండా ఆడవాళ్లు వాటిని మంచాల కింద దాచిన ఊళ్లున్నాయి.

ఆ మరుసటి ఏడే, 2009 మార్చిలో, జంతువుల అంటురోగాల నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. గుర్రాల పాత చట్టాలు రెండూ అందులో కలిసిపోయాయి. పక్షి రోగాలకు షెడ్యూలులో ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు: బర్డ్ ఫ్లూ, కొక్కెర తెగులు, కోళ్ల కలరా, గుంబోరో, మారెక్స్, చిలకల జ్వరానికి కారణమైన క్లామిడియా. రాణీఖేత్‌లో పేరు పడిన ఎనిమిది దశాబ్దాల తర్వాత కొక్కెరకు దేశం మొత్తానికి వర్తించే చట్టంలో చోటు దొరికింది. యజమాని రోగం అనుమానిస్తే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్లు పశువైద్యుడికి చేరవేయాలి. రోగిష్టి పక్షిని వేరుచేయాలి. ప్రకటించిన ప్రాంతంలోంచి కోళ్లు, గుడ్లు, మేత బయటికి పోకూడదు, సంత జరగకూడదు. చచ్చిన పక్షిని చెరువులోనో ఏట్లోనో పారేస్తే శిక్ష. ఋషికుల్య ఒడ్డున, చిలికా ఒడ్డున బతికేవాళ్లకు ఈ చివరి మాట ఊరికే రాసింది కాదు.

గంజాం పక్కనే ఉన్న ఖుర్దా జిల్లా కేరంగలో 2012లో బర్డ్ ఫ్లూ తేలింది. 2016 డిసెంబరులో మళ్లీ అదే కేరంగ. ఖుర్దాకూ గంజాంకూ నడుమ చిలికా సరస్సు ఉంది. ఏటా చలికాలంలో లక్షల వలస పక్షులు అక్కడ దిగుతాయి. గంజాం వైపు ఒడ్డున రంభ ఉంది. అందుకే ప్రతి శీతాకాలం పశువైద్య సిబ్బంది నమూనాలు తీసి పంపుతూ ఉంటారు. తేల్చి చెప్పాల్సింది భోపాల్‌లోని జాతీయ పరిశోధనశాల. అక్కడి నుంచి అవునని కబురొస్తే, కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకారం ఆ చోటు చుట్టూ కిలోమీటరు లోపల పెంపుడు పక్షులన్నిటినీ చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు.

ఆ పది కిలోమీటర్ల వృత్తం ఇచ్ఛాపురంలో గీస్తే సగం ఒడిశాలోకి పోతుంది. 1936 నుంచి ఏడు దశాబ్దాలకు పైగా ఆ గీతకు అటూ ఇటూ వేరు వేరు చట్టాలు నడిచాయి. 2009 తర్వాతే రెండు వైపులా ఒకే కాగితం వచ్చింది. అమలు చేసే శాఖలు మాత్రం ఇప్పటికీ రెండే. బర్డ్ ఫ్లూ మాత్రం ఆగలేదు: 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో లక్షకు పైగా కోళ్లు పోయాయి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు, ఆగస్టులో పూరీ జిల్లా పిపిలి, 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గరి వేల్పూరు, పెరవలి మండలం కానూరు. ఈ చివరిసారి తెలంగాణ తన సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్ర కోళ్ల లారీలను వెనక్కి పంపింది. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్యే అలా జరిగితే, గిరిసోల దగ్గర లారీ డ్రైవరు పరిస్థితి వేరే చెప్పాలా!

2009 చట్టంలో అన్నిటికన్నా ఎక్కువ మెలిక పడేది పరిహారం దగ్గర. కేంద్ర, రాష్ట్రాల పథకం కింద డబ్బు ఇచ్చేది సర్కారు సిబ్బంది చంపిన బతికున్న కోడికి. వాళ్లు వచ్చేలోపు రోగంతో చచ్చినదానికి ఏమీ రాదు. తొందరగా చెప్పినవాడికి లాభం ఉండాలన్నది దాని లెక్క, ఫారం యజమానికి ఆ లెక్క బాగానే అర్థమవుతుంది. పెరట్లో అయిదు కోళ్లున్న ఇంట్లో మాత్రం రోగం గుర్తుపట్టేసరికి మూడు పోయి ఉంటాయి. ఇక కొక్కెర షెడ్యూలులో ఉన్నా, దానికోసం ఎవరూ సంచులతో ఊళ్లోకి దిగరు, కాబట్టి పరిహారం ప్రశ్నే రాదు. దానికున్న మందు ఇప్పటికీ ముక్తేశ్వర్ నాటిదే. మంచులో పెట్టిన సీసా, సాయంత్రం కోళ్లు గూటికి చేరాక ఇంటింటికీ తిరిగి టీకా వేసే మనిషి.