పొడుగు ఫొటో తాతముత్తాతలు

ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర సఫారీ బండి దిగినవాళ్లంతా చేసే పని ఒకటే. ఫోన్ తీసి, పనోరమా పెట్టి, ఎడమ నుంచి కుడికి ఓ తిప్పు తిప్పుతారు. కింద నల్లమల, అవతల మైదానం, అంతా సన్నటి పట్టీగా తెర మీదికొస్తుంది. రీళ్ల కాలం నుంచి ఈ అమ్రాబాద్ దిక్కున పెళ్లిళ్లకూ బడులకూ ఫొటోలు తీసి బతికినవాణ్ణి నేను. ఆ పట్టీలో నాకు కొండల కంటే ముందు పాత కెమెరాలే కనపడతాయి.

పనోరమా ఫొటోతో పుట్టలేదు, రంగుల బొమ్మతో పుట్టింది. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు గుండ్రటి గది లోపలి గోడంతా ఊరి దృశ్యం గీసి, చూసేవాణ్ణి నడుమ నిలబెట్టే పద్ధతికి 1787లో పేటెంట్ తీసుకున్నాడు. కెమెరా వచ్చిన కొద్ది ఏళ్లకే, 1844లో, ప్యారిస్‌లో ఫ్రెడరిక్ మార్టెన్స్ లెన్సు పక్కకు తిరిగే కెమెరా చేశాడు. అది ఒకే పలక మీద 150 డిగ్రీల దృశ్యం పట్టేది. అలాంటి కెమెరా లేనివాళ్లు పక్కపక్కనే విడి ఫొటోలు తీసి అతికించేవాళ్లు. సిపాయిల తిరుగుబాటు తర్వాత 1858లో ఫెలిచే బియాటో లక్నోను అట్లాగే పట్టాడు. మేమూ స్టూడియోలో ఆ పనే చేసేవాళ్లం. స్టాండు మీద కెమెరా కొంచెం కొంచెం తిప్పుతూ తీసి, రీలు కడిగించి, ప్రింట్ల అంచులు బ్లేడుతో కోసి, అట్ట మీద గమ్ముతో అంటించేవాళ్లం. కొండ కొండకు అతికేది గాని, ఆకాశం ఒక ప్రింటులో తెల్లగా, పక్కదాంట్లో నీలంగా వచ్చి అతుకు బయటపడేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తంజావూరు పనోరమా. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినీయస్ ట్రైప్ 1858లో బృహదీశ్వరాలయం అడుగుపీఠం (అధిష్ఠానం) మీది శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీశాడు. ఆయన ఒకచోట నిలబడి కెమెరా తిప్పలేదు, గోడ వెంట కెమెరానే జరుపుకుంటూ పోయాడు. 21 ప్రింట్లు కలిపితే సుమారు 19 అడుగుల చిత్రమైంది. ఫోన్‌తో ఈ పని ఎవరైనా చేయొచ్చు. మా ఉమామహేశ్వరంలో కొండచరియ కింద బారుగా సాగే దారి దీనికి సరిగ్గా సరిపోతుంది. ఫోన్‌ను రాతికి ఎదురుగా, ఒకే దూరంలో పట్టుకొని, మెల్లగా పక్క అడుగులేస్తూ పోవాలె. బల్లపరుపు గోడైతే బాగా వస్తుంది. ముందు చెట్లు, స్తంభాలు ఉంటే బొమ్మ విరిగిపోతుంది.

అమెరికాలో 1904లో పేటెంట్ అయిన సర్కట్ కెమెరాది ఇంకో దారి. గడియారం లాంటి యంత్రం కెమెరాను స్టాండు మీద తిప్పుతుంటే, లోపల సన్నటి చీలిక వెనక ఫిల్మ్ జరుగుతూ పోయేది. బడిపిల్లలు, పటాలాలు, సభలు, అందరూ అడుగుల పొడుగు ఫొటోల్లోకి ఎక్కింది దీంతోనే. తిరిగే కెమెరా ముందు వరుస నేరుగా ఉంటే నడుమవాళ్లు పెద్దగా, చివరివాళ్లు చిన్నగా పడతారు. అందుకని జనాన్ని కెమెరా చుట్టూ విల్లులాగా నిలబెట్టేవాళ్లు. ప్రింటులో అది తిన్నటి వరుసగా వచ్చేది. పెళ్లిలో చుట్టాలందర్నీ ఒక్క ఫొటోలో పట్టాలంటే నేనిప్పటికీ కుర్చీలు అట్లాగే వేయిస్తాను. సర్కట్ రోజుల్లో ఎడమ చివర నిలబడ్డ తుంటరి పిల్లగాడు తన వంతు అయిపోగానే కెమెరా వెనకనుంచి ఉరికి కుడి చివర చేరితే, ఒకే ఫొటోలో రెండుసార్లు పడేవాడు. ఫోన్ తిప్పడం ఒక్క క్షణం ఆపితే మన పిల్లలకూ అంత టైం దొరుకుతుంది. కాకపోతే ముందునుంచి కాదు, మన వీపు వెనకనుంచే ఉరకాలె.

ఈ కిటుకులన్నిటికీ కారణం ఒకటే. ఫోన్ వరుసగా ఫొటోలు తీస్తూ, ఒక్కోదాంట్లోంచి నిలువు పట్టీ తీసుకొని కుట్టుకుంటూ పోతుంది. అంటే ఎడమ అంచుకూ కుడి అంచుకూ నడుమ కొన్ని సెకన్లు గడిచిపోతాయి. వెడల్పు మాత్రమే చూసేవాడికి ఆ సెకన్లు అడ్డం. నడిచే బర్రె సగం తెగి పడుతుంది. వాటిని వాడుకునేవాడికి అవే పెట్టుబడి.

ఆ పెట్టుబడికి మా దగ్గరే పనుంది. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ గుట్టల మీద చెంచులతో గడిపి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన ఫొటోల్లో మనుషులున్నారు, గుడిసెలున్నాయి. పెంట, అంటే చెంచుల గూడెం, మాత్రం ఒక్క ఫ్రేములో ఇమిడేది కాదు. గుడిసెకూ గుడిసెకూ నడుమ వదిలే జాగా కూడా చెంచుల ఊరి తీరులో భాగమే. ఇప్పుడు పెంటలో పుట్టిన పిల్ల చేతిలోనే ఫోనుంది. నడుమ నిలబడి, మోచేతులు పక్కలకు ఆనించి, ఫోన్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకొని చుట్టూ తిరిగితే చాలు. చేతులు బారచాపితే పట్టీలో దగ్గరి చెట్లు విరుగుతాయి. పొద్దున తేనెకు పోయే బృందం ఎడమ అంచున బయల్దేరుతుంటే తిప్పడం మొదలుపెట్టాలె. కుడి అంచుకొచ్చేసరికి వాళ్లు అక్కడ అడవి దారి పట్టి ఉండాలె. హైమెన్‌డార్ఫ్ పేజీలకొద్దీ రాయవలసి వచ్చిన సంగతి ఆ పిల్ల ఒక్క పట్టీలో చెప్పగలదు, ఏది ముందు, ఏది తర్వాత అని ముందే తేల్చుకుంటే.