చాక్లెట్టుకి పేటెంటు ఇవ్వొచ్చా?

తిరుపతి లడ్డూకి పేటెంటు వచ్చిందని మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కూడా చాలామంది అంటుంటారు. రాలేదండీ. 2009లో దానికి వచ్చింది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ. 2017లో బందరు లడ్డూకి, 2023లో ఆత్రేయపురం పూతరేకులకి వచ్చిందీ అదే. జీఐ కాపాడేది పేరుని. మా రామన్నపేటలో పూతరేకులు చుట్టి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు, వాటికి ఆత్రేయపురం పేరు తగిలిస్తేనే గొడవ. పేటెంటు అలా కాదు. వస్తువునో, దాన్ని చేసే పద్ధతినో ఇరవై ఏళ్ళు ఒకరి చేతిలో పెట్టేస్తుంది. మరి తినే వస్తువుని అలా పెట్టొచ్చా?

1970లో మన దేశం చెప్పిన జవాబు: కుదరదు. అయ్యంగార్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక వెనకాల వచ్చిన పేటెంట్ల చట్టం, మందులకీ తిండికీ ప్రొడక్ట్ పేటెంటు ఇవ్వనంది. తయారీ పద్ధతికి మాత్రం ఇచ్చేవాళ్ళు. అదీ దరఖాస్తు నుంచి ఏడేళ్ళు లేదా మంజూరు నుంచి ఐదేళ్ళు, ఏది ముందైతే అది. ఈ చట్టం నీడలో హైదరాబాదు మందుల కంపెనీలు ఎలా ఎదిగాయో అందరికీ తెలుసు. తిండి సంగతి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. డబ్ల్యూటీవో ఒప్పందం పుణ్యమా అని 2005 జనవరి 1 నుంచి రెండిటికీ తలుపు తెరుచుకుంది.

తలుపు తీశారు గానీ గడప ఉంచారు. దాని పేరు సెక్షన్ 3(ఇ). పదార్థాలని ఊరికే కలిపితే, ఎవరి గుణం వాళ్ళదిగానే ఉండిపోతే, అది ఆవిష్కరణ కాదు. కలిపినందువల్ల కొత్త ఫలితం ఏదో రావాలి. మన కోడ్‌కి ఉత్తి ప్రోగ్రాంగా పేటెంటు లేదనే 3(కె) కూడా ఈ సెక్షన్‌లోనే ఉంది. అంటే చాక్లెట్టూ కోడూ ఒకే వాడలో ఇరుగుపొరుగన్నమాట!

ఎక్లేర్స్‌నే తీసుకోండి. బయట కారమెల్, లోపల చాక్లెట్. కోకో వెన్న సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. నోట్లో హాయిగా కరిగేది అందుకే, 43, 44 డిగ్రీల నల్లగొండ ఎండల్లో చాక్లెట్ బార్ ముద్దయిపోయేదీ అందుకే. కారమెల్ తొడుగు ఉంటే లోపలిది మెత్తబడినా బయటికి రాదు. కిరాణా కొట్టు సీసాలో ఎక్లేర్స్ బతికేస్తాయి. తెలివైన పనే, కానీ పాతది. ఇవాళ ఎవరైనా "కారమెల్ లోపల చాక్లెట్" అని దరఖాస్తు పెడితే ఆ సీసానే సాక్ష్యం. అదే, 45 డిగ్రీల్లో కూడా ఆకారం చెడకుండా, తింటే మైనంలా అనిపించకుండా ఉండే చాక్లెట్ చేసి, ఎలా చేశారో వివరంగా రాసిస్తే? దానికి పేటెంటు ఇవ్వాల్సిందే అంటాను. మా ఊరికి కావాల్సింది అలాంటిదే.

గడప సరిగ్గా లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపించింది. అంచులు తీసేసి మూసిన వేరుశనగ వెన్న శాండ్‌విచ్‌కి 1999లో అక్కడ పేటెంటు ఇచ్చేశారు! 2001లో ఆ పేటెంటున్న స్మకర్స్ కంపెనీ, మిషిగన్‌లో ఆల్బీస్ అనే చిన్న సంస్థకి అమ్మకాలు ఆపమని నోటీసిచ్చింది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. అదే శాండ్‌విచ్ మీద స్మకర్స్ పెట్టిన మరో రెండు దరఖాస్తుల్ని తిరస్కరించడం సబబేనని 2005లో అప్పీల్ కోర్టు తేల్చింది. ఆల్బీస్‌కి కనీసం లాయర్ని పెట్టుకునే స్తోమత ఉంది. ఇంట్లో కూర్చుని రేకులు తీసే ఆడవాళ్ళకి ఇలాంటి నోటీసొస్తే?

అందుకే మన చట్టంలో నాకు బాగా నచ్చేది 25(1). పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ వ్యాపారంలో ఉండక్కర్లేదు, మీరూ నేనూ కూడా చెప్పొచ్చు. ఒకప్పుడు దీనికి పైసా ఖర్చులేదు. 2024 మార్చిలో నిబంధనలు మార్చి ఫీజు పెట్టారు, అభ్యంతరం విచారణకి తగినదా కాదా అని ముందే వడపోసే అధికారం కంట్రోలర్‌కిచ్చారు. ఉత్తుత్తి అభ్యంతరాలతో కావాలని ఆలస్యం చేసేవాళ్ళు ఉన్నారన్నది నిజమే, కాదనను. కానీ పెద్ద కంపెనీకి ఆ ఫీజు ఒక లెక్క కాదు, వడపోతలో నెగ్గేలా రాసిపెట్టడానికి లాయర్లూ ఉంటారు. ఆగిపోయేది మిఠాయి కొట్టువాడే.

3(ఇ) ఎంత మంచిదైనా, దాన్ని ఎత్తి చూపించే మనిషి ఉంటేనే పనిచేస్తుంది. ఆ మనిషి దగ్గర టికెట్ అడగడం నాకైతే సబబుగా అనిపించట్లేదు. మీరేమంటారు?