క్రయోన్యూరాలిసిస్ (నరాల శీతల చికిత్స)

నొప్పిని మెదడుకు చేరవేసే నరాన్ని సూదిలాంటి సాధనంతో కొద్ది నిమిషాలు గడ్డకట్టించి, కొన్ని వారాలో నెలలో పనిచేయకుండా ఆపే పద్ధతి క్రయోన్యూరాలిసిస్. బెణికిన చోట ఐసు పెట్టడానికీ దీనికీ పోలికే లేదు. ఐసు చర్మాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. ఈ సూది మొన సుమారు మైనస్ 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది.

బోలు సూదిలోకి నైట్రస్ ఆక్సైడ్‌ను గానీ కార్బన్ డయాక్సైడ్‌ను గానీ అధిక పీడనంతో పంపుతారు. సన్నని రంధ్రం దాటగానే వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. దీన్నే జూల్-థామ్సన్ ప్రభావం అంటారు. వాయువు ఒంట్లోకి పోదు, సూదిలోంచే వెనక్కి వచ్చేస్తుంది. మొన చుట్టూ మంచు ముద్ద కట్టడం అల్ట్రాసౌండ్ తెర మీద నల్లగా, గుండ్రంగా కనబడుతుంది.

అసలు కిటుకు నరం తొడుగులో ఉంది. చలికి నరం లోపలి పోగు (ఆక్సాన్), దాని మీది మైలిన్ పొర చెడిపోతాయి కానీ, చుట్టూ ఉన్న తొడుగు నిలుస్తుంది. ఆ దారినే ఆక్సాన్ రోజుకు 1–2 మిల్లీమీటర్ల చొప్పున తిరిగి పెరుగుతుంది. దాంతో నొప్పీ తిరిగి రావచ్చు. వస్తే చికిత్స మళ్లీ చేయవచ్చు.

1807లో ఐలౌ యుద్ధంలో, గడ్డకట్టే చలిలో కాళ్లూ చేతులూ తీసేసినా సైనికులకు నొప్పి అంతగా తెలియకపోవడాన్ని నెపోలియన్ సేనల వైద్యుడు లారే గమనించాడు. ఆధునిక చికిత్సకు ‘క్రయోఅనల్జీసియా’ పేరు స్థిరపడింది మాత్రం 1976లో లాయిడ్, బర్నార్డ్, గ్లిన్ లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంతో. ఛాతీ శస్త్రచికిత్సల తర్వాత పక్కటెముకల నరాలకూ, మోకీళ్ల అరుగుదలలో సఫీనస్ నరం కొమ్మకూ దీన్ని వాడుతున్నారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దృష్ట్యా ఈ చివరి వాడకం ఆలోచించదగ్గది. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువ. దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. మోకీళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి బిళ్లలు అలాంటి కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. మందుల షాపులో అడగగానే దొరికేవీ అవే. కిడ్నీకి భారం కాని మార్గాల్లో శీతల చికిత్స ఒకటి.

అయితే ఇది అరిగిన కీలును బాగుచేయదు. కండరాలను కదిలించే నరానికి తగిలితే తాత్కాలికంగా బలహీనత వస్తుంది. చర్మం రంగు మారవచ్చు. చలి తగిలితే దద్దుర్లెక్కేవారికీ, రేనాడ్స్ జబ్బున్నవారికీ పనికిరాదు. ముందుగా నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు, దానికీ నొప్పి తగ్గకపోతే చికిత్సకు దిగరు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడతారు గనుక, అలాంటి రోగులకు సూది వేసే రోజును డయాలసిస్ రోజులను బట్టి నిర్ణయించాలి.