పరాయి ఫౌజు తెచ్చిన పాట

మా చిన్నోడు రాత్రిపూట ఇయర్‌ఫోన్లు పెట్టుకుని జపాన్ బొమ్మల సీరియళ్లు చూస్తుంటాడు. "ఇంటర్‌కొచ్చినా ఈ కార్టూన్లేందిరా" అని ఓ రోజు కసిరాను. "కార్టూన్ కాదు అబ్బా, ఇందులో తారీఖ్ ఉంది. ఒక్క ఎపిసోడ్ చూడండి" అన్నాడు. వాడి మాట కాదనలేక పక్కన కూర్చున్నాను. మూడు రాత్రుల్లో పన్నెండు ఎపిసోడ్లూ అయిపోయాయి. ఆ తర్వాత నేనే పుస్తకాలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఆ చదువులో దొరికింది మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ఆ కథ పేరు 'సకామిచి నో అపోలోన్'. ఇంగ్లీషులో 'కిడ్స్ ఆన్ ద స్లోప్' అన్నారు. యుకి కొదామా అనే రచయిత్రి దీన్ని 2007 నుంచి 2012 దాకా ఒక మాసపత్రికలో బొమ్మల కథగా గీసింది. 2012లోనే దీనికి షోగాకుకాన్ మాంగా అవార్డు వచ్చింది. అదే ఏడు షినిచిరో వతనబే దీన్ని టీవీ సీరియల్‌గా తీశాడు. సంగీతం యోకో కన్నోది. నిజమైన కళాకారులు వాయిస్తుంటే కెమెరాలతో తీసి, ఆ వేళ్ల కదలికను చూసి బొమ్మలు గీశారు. అందుకే పియానో మీద చెయ్యి ఎక్కడ పడితే ఆ సురే వినిపిస్తుంది.

కిస్సా 1966 వేసవిలో మొదలవుతుంది. ఊరు జపాన్ దక్షిణాన, నాగసాకి ప్రాంతంలో ఉన్న ససేబో. కావోరు అనే కుర్రాడు తండ్రి ఓడల నౌకరీ వల్ల ఊళ్లు మారి మారి చివరికి చిన్నాన్న ఇంటికి చేరతాడు. ఆ ఇంట్లో అతనికి ఇజ్జత్ లేదు, బడిలో దోస్తులు లేరు. కొత్త ముఖాలు చూస్తే కడుపులో తిప్పుతుంది. క్లాసికల్ పియానో ఒక్కటే అతని సహారా. అదే క్లాసులో సెంతారో ఉంటాడు. పొడగరి, జగడాలమారి, డ్రమ్స్ వాయిస్తాడు. సెంతారో వాళ్లమ్మ జపాన్ స్త్రీ, తండ్రి అమెరికా సైనికుడు. ఈ ఇద్దరినీ కలిపేది రిత్సుకో అనే అమ్మాయి, వాళ్ల నాన్న నడిపే రికార్డుల దుకాణం, ఆ దుకాణం కింద నేలమాళిగ. అక్కడ వాళ్లకు జాజ్ పరిచయమవుతుంది.

జపాన్‌లో ఓ చిన్న ఊరి నేలమాళిగకు అమెరికా నల్లవాళ్ల సంగీతం ఎలా చేరింది? అసలు తారీఖ్ ఇక్కడే ఉంది.

ససేబో ఒకప్పుడు చేపలు పట్టే పల్లె. 1889లో జపాన్ నేవీ అక్కడ స్థావరం పెట్టింది. 1945 జూన్ చివర్లో అమెరికా విమానాలు ఆ ఊరిని తగలబెట్టాయి. ఆగస్టు 9న పక్కనే ఉన్న నాగసాకి మీద అణుబాంబు పడింది. జంగ్ ముగిశాక అదే అమెరికా ఫౌజు ససేబోలో దిగింది, అదే స్థావరాన్ని తీసుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక వేలాది సైనికులు ఈ రేవు మీదుగానే వెళ్లారు, బతికినవాళ్లు ఈ రేవుకే తిరిగొచ్చారు. వాళ్ల కోసం బార్లు వెలిశాయి, క్లబ్బులు వెలిశాయి. క్లబ్బులకు పాట కావాలి.

జాజ్ జపాన్‌కు అప్పటికి కొత్తదేం కాదు. 1920ల నుంచే ఒసాకా, టోక్యో డాన్స్ హాళ్లలో మోగేది. కానీ హుకూమత్ 1940లో ఆ హాళ్లు మూయించింది. 1943లో అమెరికా, బ్రిటన్ పాటలు దాదాపు వెయ్యింటిని దుష్మన్ సంగీతమని నిషేధించింది. రెండేళ్లకే రోజులు తిరగబడ్డాయి. గెలిచిన ఫౌజు క్లబ్బుల్లో వాయిస్తేనే పూట గడిచే రోజులొచ్చాయి. సాయంత్రం స్టేషన్ల దగ్గర సాజ్ చేతబట్టుకుని నిలబడితే లారీలొచ్చి కళాకారులను ఎక్కించుకుని స్థావరాలకు తీసుకెళ్లేవి. మన అడ్డా కూలీలు నిలబడినట్టే. తోషికో అకియోషి అనే అమ్మాయి మంచూరియా నుంచి కుటుంబంతో సర్వం పోగొట్టుకుని ససేబో ఉన్న క్యుషు దీవికే వచ్చి, బెప్పు ఊళ్లో డాన్స్ హాల్లో పియానో నౌకరీకి కుదిరింది. 1956లో ఆమె చదువుకోవడానికి అమెరికా వెళ్లింది. తర్వాత దునియా గుర్తించిన ఉస్తాద్ అయింది.

ఫౌజు వెంట పాట రావడం మనకూ తెలిసిన సంగతే. మన షాదీల్లో మోగే మర్ఫా నిజాం ఫౌజులో చేరిన అరబ్బులు, ఆఫ్రికా హబ్షీల వెంట హైదరాబాద్ వచ్చిందే కదా.

కానీ జాజ్ సంగతిలో ఒక మెలిక ఉంది. ఆ సంగీతం తెచ్చిన ఫౌజులోనే దాన్ని పుట్టించినవాళ్లకు బరాబరీ లేదు. నల్ల సైనికులను వేరే దళాల్లో పెట్టేవాళ్లు. ఆ వేర్పాటు తీసేయమని ట్రూమన్ హుకుం ఇచ్చింది 1948లో. అమలయ్యేసరికి కొరియా యుద్ధం నడుస్తోంది. కథలో ఒక రాత్రి ఈ పిల్లలు బార్లో వాయిస్తుంటే, తాగిన అమెరికా గోరా ఒకడు లేచి ఈ నల్లవాళ్ల పాట వద్దు, తెల్లవాళ్ల జాజ్ వాయించమని అరుస్తాడు. సెంతారో కోపంతో లేచి బయటికి పోతాడు. తన తండ్రి ముల్క్ మనిషే తన పాటను తిడుతున్నాడు. తన ముఖంలో ఆ ముల్కే ఉందని ఊళ్లోవాళ్లు తనను తిడుతున్నారు. వాడు ఎటు పోవాలి?

సెంతారోలాంటి పిల్లలు నిజంగా ఎందరో పుట్టారు. తండ్రులు ఓడెక్కి వెళ్లిపోయారు. అప్పటి అమెరికా చట్టాలు జపాన్ భార్యలను తీసుకెళ్లడానికి అడ్డం. తల్లులను లోకం బతకనివ్వలేదు. మికి సవాదా అనే ఆమె అలా వదిలేసిన పిల్లల కోసం 1948లో ఓయిసోలో ఎలిజబెత్ సాండర్స్ హోమ్ అనే యతీంఖానా పెట్టింది. సెంతారో మెడలో కేథలిక్ జపమాల ఉంటుంది. దాని వెనకా తారీఖ్ ఉంది. నాగసాకి చుట్టుపక్కల కిరస్తానీలు 1614 నిషేధం తర్వాత రెండున్నర శతాబ్దాలు తమ మజహబ్‌ను దాచుకుని బతికారు. 1873లో గానీ నిషేధం తొలగలేదు. అంటే ఈ కుర్రాడు నెత్తురులోనూ నమ్మకంలోనూ అఖలియత్‌వాడే.

ఇక పాట సంగతి. నేలమాళిగలో సెంతారో వాయించేది, కావోరు రికార్డు కొనుక్కుని రాత్రింబవళ్లు రియాజ్ చేసేది 'మోనిన్' అనే బాణీ. ఆర్ట్ బ్లేకీ బృందం జాజ్ మెసెంజర్స్ దీన్ని 1958లో రికార్డు చేసింది. బాణీ కట్టింది పియానో వాద్యకారుడు బాబీ టిమ్మన్స్. పియానో ఒక మాట అంటే మిగతావాళ్లు జవాబిస్తారు. నల్లవాళ్ల చర్చిలో పాదిరీ పిలుపు, జనం జవాబు ఎలా ఉంటాయో అలా. మన ఖవ్వాలీలో ముందు పాడేవాడి మాటను వెనకవాళ్లు అందుకోవడం గుర్తొచ్చింది నాకు.

ఆర్ట్ బ్లేకీ ఇంకో పేరు చదివి ఆగిపోయాను. అబ్దుల్లా ఇబ్న్ బుహైనా. దోస్తులు 'బు' అని పిలిచేవారు. 1947లో ఆయన కట్టిన పెద్ద బృందం పేరు సెవెంటీన్ మెసెంజర్స్. అందులో ఇస్లాం స్వీకరించినవాళ్లు చాలామంది. డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ పేరు లియాఖత్ అలీ సలామ్ అయింది. యూసుఫ్ లతీఫ్, అహ్మద్ జమాల్ ఆ కొత్త పేర్లతోనే మషూర్ అయ్యారు. 1920లో ఖాదియాన్ జమాత్ తరఫున ముఫ్తీ ముహమ్మద్ సాదిఖ్ అమెరికా వెళ్లారు. వీళ్లలో చాలామందికి ఇస్లాం పరిచయమైంది ఆ అహ్మదియ్యా దారిలోనే. ఆ జమాత్‌తో మన ఉలమాకున్న ఇఖ్తిలాఫ్ మీకు తెలుసు. నేను చెబుతున్నది జరిగిన తారీఖ్ మాత్రమే. వాళ్లందరి అమలు ఎలా ఉండేదో తీర్పు చెప్పే హక్ నాకు లేదు. సంగీతం జాయిజా నాజాయిజా అన్న బహస్ కూడా ఇక్కడ పెట్టను. గులామీలో మాలిక్ పెట్టిన పేరు వదిలి తమదైన పేరు వెతుక్కున్న మజ్లూమ్‌లు వీళ్లు. అంతవరకు నాకు అర్థమైంది. ముస్లిం పేరుంటే పోలీసు కార్డులో జాతి దగ్గర తెల్లవాడని రాసేవారని, ఆ తరహా వివక్ష తప్పించుకోవడానికీ కొందరు పేర్లు మార్చుకున్నారని డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో రాశాడు. మనం ఇవాళ పేరు చెప్పి అద్దె ఇల్లు పోగొట్టుకుంటాం. అక్కడ అదే పేరు ఒకరికి తలుపు తీసింది. జమానా చేసే అజీబ్ పనులివి.

1961 జనవరిలో బ్లేకీ జపాన్ వచ్చాడు. సొంత ముల్క్‌లో వెనక తలుపు నుంచి లోపలికెళ్లే మనిషికి అక్కడ దక్కిన ఇజ్జత్ ఇంతా అంతా కాదు. 'మోనిన్' ఎంత పాకిందంటే నూడుల్స్ డెలివరీ కుర్రాళ్లు కూడా ఈల వేసేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. రికార్డు కొనలేని పిల్లలు జాజ్ కాఫీ షాపుల్లో ఒక్క కప్పు ముందు పెట్టుకుని గంటలు గంటలు వినేవాళ్లు. కొన్నింటిలో మాట్లాడటం కూడా మనా. కథ మొదలయ్యే 1966 వేసవిలోనే జాన్ కోల్ట్రేన్ కూడా జపాన్ వచ్చాడు. నాగసాకి వెళ్లి బాంబుకు బలైనవాళ్ల స్మారకం ముందు నిలబడి దువా చేశాడు. మరుసటి ఏడు జులైలో చనిపోయాడు. కథలో పిల్లలు బడి జల్సాలో వాయించేది కోల్ట్రేన్ మషూర్ చేసిన 'మై ఫేవరిట్ థింగ్స్'తోనే మొదలవుతుంది. ఆ రికార్డులో పియానో మెకాయ్ టైనర్‌ది. ఆయన ముస్లిం పేరు సులైమాన్ సవూద్.

ఆ జల్సా ఘట్టం మరిచిపోలేను. రాక్ బ్యాండు ఆడుతుంటే కరెంటు పోతుంది. అప్పటికి కావోరు, సెంతారో మాటల్లేకుండా ఉన్నారు. జనం గోల చేస్తుంటే కావోరు పియానో ముందు కూర్చుని మెల్లగా మొదలుపెడతాడు. సెంతారో వచ్చి డ్రమ్స్ అందుకుంటాడు. ఎవరూ మాఫీ అడగరు, ఎవరూ మాఫీ చెప్పరు. చివరికి 'మోనిన్' పిలుపు దగ్గరికొచ్చేసరికి జవాబు ఇవ్వాల్సినవాడు పక్కనే ఉన్నాడు. అంతే, సుల్హ్ అయిపోయింది.

ఆ సీన్ అయ్యాక నేను మా చిన్నోడికి ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పాను. ఎనిమిదో తరగతిలో కొత్త బడికి వెళ్లిన రోజు బెంచీ మీద పక్కవాళ్లు "మీదే ఊరు" అని అడిగారు. చెప్పాను. "అది కాదు, అసలు ఊరు?" అన్నారు. మా దాదా, ఆయన దాదా ఖననమైన ఊరది. ఇంకే అసలు ఊరు చెప్పను? ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

చిన్నోడు కాసేపు ఊరుకుని, "మరి మీకు సెంతారో ఎవరు దొరికారు అబ్బా" అన్నాడు.

దొరికాడు. వెనక బెంచీలోంచి లేచొచ్చి నా పక్కన కూర్చున్న ఒక కుమ్మరివాళ్ల పిల్లోడు. మా ఇద్దరినీ కలిపింది పియానో కాదు, వాడికి రాని లెక్కలు, నాకు రాని తెలుగు ఛందస్సు. నలభై ఏళ్లయింది. పండగ పూట షీర్‌ఖుర్మా డబ్బా పట్టుకుని ఇప్పటికీ వాళ్లింటికే ముందు వెళ్తాను.