యువకుని నవలలో అపరాధ భావన

నవలలో యువకుని అపరాధ భావన కేవలం వ్యక్తిగత విషయమనీ, దానికి చరిత్రతో సంబంధం లేదనీ కొందరంటారు. స్నేహితులు విడిపోవడం, ఒక రహస్యాన్ని దాచుకోవడం, దాచుకున్నందుకు కుమిలిపోవడం ఏ కాలంలోనైనా ఉండేవే కదా అని వారి వాదం. ఉండేవే. కాని దాచుకునేది దేనిని, భయపడేది ఎవరికి, ద్రోహం చేశామని బాధపడేది ఎవరి విషయంలో అన్నవి కాలాన్ని బట్టీ, వర్గాన్ని బట్టీ మారుతాయి. సుమారు పాతికేళ్ల కాలంలో వచ్చిన మూడు తెలుగు నవలలను ఈ దృష్టితో పరిశీలిస్తే ఆ మార్పు స్పష్టమవుతుంది.

1940ల మధ్యలో వచ్చిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆ తరువాత లోకంతోనూ, చివరకు తనతోనూ తెగదెంపులు చేసుకుంటాడు. చేతకానితనాన్ని తనకు తానే దాచుకోవడానికి అతడు సిద్ధాంతాలు అల్లుతాడు. ఆ మనసును గోపీచంద్ నిర్దాక్షిణ్యంగా విప్పి చూపాడు. కాని అక్కడి బాధ ప్రధానంగా ఆస్తితో పాటు స్థానమూ పోయిన కుటుంబపు బాధ.

1946–47 ప్రాంతంలో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వెలువడిన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధిని వేధించేది తల్లిని గురించి లోకం చెప్పుకునే మాట. ఆమె పోయినా నింద పోదు. అమృతం విషయంలో మనసులో దాచుకున్నది మరొక బరువు. ఈ బరువులతోనే అతడు అనంతపురం ప్రాంతానికి వస్తాడు. బుచ్చిబాబు స్వయంగా అనంతపురంలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసినవాడు కనుక ఆ నేల అతనికి కొత్త కాదు. అయినా ఈ నవలలో సీమ చాలావరకు బయటి యువకుడు తన గతం నుంచి దూరంగా బతకడానికి వచ్చే చోటు. మరి ఇక్కడే పుట్టిన యువకుడు తన గతాన్ని ఎక్కడికి మోసుకుపోవాలి? ఈ ప్రశ్న మనం వేసుకోవలసింది.

1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'తో ఈ భావన దిక్కు మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టలులో రవి అనే విద్యార్థి ఒక్కరోజు జీవితం అందులోని కథ. చైతన్య స్రవంతి పద్ధతిలో నడిచిన ఈ నవల శిల్పాన్ని గురించి చాలా చర్చ జరిగింది. వస్తువును గురించి కూడా అంత చర్చ అవసరం. రవి పల్లె నుంచి వచ్చిన పేద ఇంటి బిడ్డ. తన చదువు వెనుక తల్లిదండ్రుల చెమట ఉందన్న ఎరుక అతన్ని నిద్రపోనివ్వదు. ఇది వంశ ప్రతిష్ఠ కాదు, లోకనింద కాదు. శ్రమకు పడిన బాకీ. అయితే చుట్టూ స్నేహితులున్నా రవి మాట లోపలికే తిరుగుతుంది. తన బాకీ ఎవరికో అతనికి తెలుసు. దాన్ని ఎవరితో కలిసి తీర్చాలో తెలియదు. నవల పరిమితి ఇదే, దాని నిజాయితీ కూడా ఇదే.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో 'పార్టీ' అనే మాటకు రాజకీయ పక్షమని మాత్రమే అర్థం కాదు. ఒకే బడిలో చదివినవారిని ఎదురెదురుగా నిలబెట్టేది అదే. ఇక్కడ రహస్యమంటే చూసి కూడా చెప్పలేని సాక్ష్యం. కేతు విశ్వనాథరెడ్డి మొదలు 2011లో 'మొలకల పున్నమి'కి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందుకున్న వేంపల్లి గంగాధర్ దాకా సీమ బతుకును కథలో చెప్పినవారున్నారు. అయితే ఈ మౌనంలో పెరిగే యువకుని మనసులోకి కథ వెళ్లినంత విస్తారంగా నవల వెళ్లలేదని నా అభిప్రాయం.

'అంపశయ్య' పాఠం చెప్పిన రోజు తరగతి అయిపోయాక ఒక విద్యార్థి ఆగిపోయాడు. "చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బెంచీలో కూచునేవాళ్లం సార్. ఇప్పుడు మాటల్లేవు. వాళ్లది ఆ పార్టీ, మాది ఈ పార్టీ" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. నేను గడియారం చూసుకున్నాను. అతడు వెళ్లిపోయాడు. వింటే ఒక విషయం తెలిసినవాణ్ణవుతానని భయపడ్డాను. ఆ భయానికి పనుల తొందర అని పేరు పెట్టుకున్నాను. సీతారామారావు సిద్ధాంతాలకూ నా తొందరకూ పెద్ద తేడా లేదు.

పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టి, 1968లో మొదలైన 'సంవేదన' త్రైమాసిక పత్రికకు సంపాదకుడైన రాచమల్లు రామచంద్రారెడ్డి సాహిత్యంలో అనుభూతి నిజాయితీని గీటురాయిగా పట్టుకున్నాడు. ఆ గీటురాయి మీద మనల్ని మనమూ గీసుకోవాలి. అపరాధ భావన కన్నీటితో ఆగిపోతే అది ఆత్మానుకంప. బాకీ ఎవరికో గుర్తించి వారివైపు ఒక అడుగు వేస్తేనే అది చైతన్యం. మన సీమ యువకుని నవల రాయవలసినవాడు బహుశా ఆనాడు నా ముందు నిలబడిన కుర్రవాడే కావచ్చు. అతని మాట పూర్తిగా వినడం ఉపాధ్యాయులుగా మన మొదటి పని.