లాన్ కార్డు దొరకని రోజులు

తొంభైల చివర్లో లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి వెళ్లేవాడి సంచిలో సీడీతో పాటు స్టార్ స్క్రూడ్రైవరు, డాస్ బూట్ ఫ్లాపీ, ఒక నోటుబుక్కు తప్పకుండా ఉండేవి. నేను ఆ పని మీద బతికినవాణ్ని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేసిన సిస్టమ్, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ, పేరూ ఊరూ లేని అట్టపెట్టెలో ఒక లాన్ కార్డు. వీటితోనే మా పని. హార్డ్ డిస్కు, కీబోర్డు పెద్దగా సతాయించేవి కావు. పని ఆగితే సాధారణంగా లాన్ కార్డు దగ్గరే ఆగేది.

ఆ పెట్టె మీద 'ఎన్‌ఈ2000 కంపాటిబుల్' అని ఉండేది. తన నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్ అమ్ముడుపోవాలంటే ముందు కార్డులు చవకవ్వాలని నావెల్ కంపెనీ 1980ల చివర్లో మార్కెట్లోకి తెచ్చిన నమూనా అది. అందులో అసలు పని చేసేది నేషనల్ సెమీకండక్టర్ వారి 8390 చిప్. దాన్ని ఎలా నడపాలో వివరించే పత్రాలు అందరికీ అందుబాటులో ఉండటంతో ఎన్నో కంపెనీలు అదే కార్డును తమ పేరుతో చేసి అమ్మాయి. మన చిన్న ఆఫీసులకు, కాలేజీ ల్యాబులకు నెట్‌వర్కు అందుబాటు ధరలో దొరికింది ఆ నకళ్ల పుణ్యమే.

చిక్కు ఆ కార్డు దిగే ఐసా స్లాటుతో వచ్చింది. అది పేరుపలకల్లేని వీధి లాంటిది. 'నువ్వెవరు?' అని కార్డును అడిగే మార్గం ఆ స్లాటులో లేదు. కెర్నల్ తనంతట తానే 300, 280, 320, 340, 360 అనే హెక్స్ చిరునామాలను వరసగా తట్టి చూడాలి. జవాబు వస్తే అది ఎన్‌ఈ2000 అవునా కాదా అని తేల్చుకోవాలి. అందుకు లినక్స్ డ్రైవరు కార్డులోని చిరునామా మెమరీ చదివి, 14, 15 స్థానాల్లో 57 అనే హెక్స్ అంకె ఉందేమో చూసేది. నాసిరకం నకళ్లలో ఆ గుర్తు ఉండేది కాదు. వాటి కోసం డ్రైవరులో ప్రత్యేకంగా ఒక జాబితాయే పెట్టారు.

అలా తట్టి చూడటం ప్రమాదమే. ఆ చిరునామాలో ఇంకేదైనా కార్డు ఉంటే మెషిన్ బిగుసుకుపోయే అవకాశం ఉంది. అందుకే ఎన్‌ఈ డ్రైవరును మాడ్యూల్‌గా ఎక్కిస్తే అది తనంతట తాను వెతికేది కాదు, చిరునామా మనమే ఇవ్వాలి. ఇన్‌స్టాలర్ ఆ నంబరు అడిగినప్పుడు కొత్తవాళ్లు బిక్కమొహం వేసేవారు. మేం కేబినెట్ విప్పి, కార్డు మీది జంపర్లు చూసి, నోటుబుక్కులో రాసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

చిరునామా సరిపోయినా ఇంటరప్ట్ దగ్గర తగాదా వచ్చేది. చాలా కార్డులు 3వ నంబరు ఇంటరప్ట్ మీద వచ్చేవి. అది రెండో సీరియల్ పోర్టుది. 5కి మారిస్తే సౌండ్ కార్డు అడ్డం. కార్డును 360 దగ్గర పెడితే మరో పేచీ. ఎన్‌ఈ2000కు వరసగా 32 పోర్టులు కావాలి. 360 నుంచి లెక్కేస్తే ప్రింటరు పోర్టు ఉండే 378 అందులోకే వస్తుంది. లాన్ కార్డు పెట్టాక ప్రింటరు ఎందుకు మూగబోయిందో ఈ లెక్క తెలిసినవాడికే అర్థమయ్యేది.

జంపర్లు లేని కార్డులు వచ్చాక డాస్ ఫ్లాపీ అవసరం పడింది. రియల్‌టెక్ 8019 చిప్ ఉన్న కార్డును డాస్‌లో సెటప్ ప్రోగ్రాం నడిపి, ప్లగ్ అండ్ ప్లే తీసేసి, చిరునామా స్థిరం చేశాకే లినక్స్‌కు చూపించేవాళ్లం. లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ పద్ధతి వేరు. దాని మూడో వెర్షన్ రోజుల్లో మామూలు కెర్నల్ ఈ రకం కార్డును 280 దగ్గర, 10వ ఇంటరప్ట్ మీద ఉంటుందనుకుని చూసేది. అక్కడ లేకపోతే దొరకలేదని చెప్పి ముందుకు పోయేది. బూట్ అయ్యేటప్పుడే కాన్ఫిగరేషన్ తెర తెరిచి ఆ అంకెలు మార్చాలి.

మాకు ఎక్కువ పని తెచ్చినవి ఇంటర్నెట్ కేఫ్‌లు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చాక, ఒకే కనెక్షన్‌ను పది సిస్టమ్‌లకు పంచడానికి లినక్స్ గేట్‌వే చవకైన దారి అయ్యింది. కేబుల్ కనెక్షన్లు వచ్చాక గేట్‌వేకి రెండు కార్డులు కావాల్సి వచ్చాయి. ఆనాటి కెర్నల్ ఒక ఐసా కార్డు దొరకగానే వెతకడం ఆపేసేది. రెండోదాని సంగతి బూట్ లైనులో మనమే చెప్పాలి.

ఈ కిటుకులన్నీ మాకు నేర్పిన ఇద్దరి పేర్లు చెప్పాలి. లినక్స్ తొలినాటి ఈథర్‌నెట్ డ్రైవర్లలో చాలావాటిని రాసినవాడు డొనాల్డ్ బెకర్. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 సాధారణ 486 మెషిన్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ క్లస్టర్ కట్టిందీ ఆయనే. ఏ కార్డు ఎక్కడ మొండికేస్తుందో, దానికి ఏం చేయాలో ఈథర్‌నెట్ హౌటూ అనే పత్రంలో ఓపిగ్గా రాసిపెట్టినవాడు పాల్ గోర్ట్‌మేకర్. ఆ పత్రం ప్రింటవుట్ మా షాపులో నలిగి చిరిగేదాకా వాడాం.

1992లో ఇంటెల్ ప్రతిపాదించిన పీసీఐ స్లాటు క్రమంగా మా దాకా వచ్చేసరికి సగం బాధ తీరింది. ప్రతి పీసీఐ కార్డూ తన తయారీదారు నంబరు, తన నమూనా నంబరు తానే చెబుతుంది. ఇంటెల్ నంబరు 8086. రియల్‌టెక్ కార్డు అయితే 10ఈసీ, 8139 అంటుంది. డ్రైవరు జాబితాలో ఆ జత ఉంటే చాలు, కార్డు ఎక్కుతుంది. జంపర్లు పోయాయి, తట్టి చూడటం పోయింది.

మిగిలిన సగం బాధకు కారణం స్లాటు కాదు, కంపెనీల మౌనం. వైర్‌లెస్ కార్డులు వచ్చాక నంబరు కనిపిస్తున్నా మాకు పనికొచ్చే డ్రైవరు ఉండేది కాదు. బ్రాడ్‌కామ్ తన చిప్ వివరాలు ఇవ్వలేదు. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు కంపెనీ మూసిపెట్టిన డ్రైవరును విప్పి చదివి వివరాలు రాస్తే, వేరేవాళ్లు ఆ రాతను బట్టి కొత్త డ్రైవరు కట్టారు. ఆ కంపెనీ స్వయంగా ఓపెన్ డ్రైవరు విడుదల చేసింది 2010 సెప్టెంబరులో. అలా మూసిపెట్టిన డ్రైవర్లను ఓపెన్‌బీఎస్‌డీ ఒప్పుకోలేదు. 2006లో వచ్చిన 3.9 వెర్షన్‌ను ఆ నిరసనకే అంకితం చేసింది. డెబియన్ మాత్రం 2022లో ఓటు పెట్టి, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి కార్డులకు అవసరమైన మూసిపెట్టిన ఫర్మ్‌వేర్‌ను కూడా ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తోంది.

ఇన్నేళ్లూ చూసి నేను తేల్చుకున్నది ఒకటే. కార్డు దొరకడం యంత్రం తెలివి వల్ల కాదు. ఆ చిప్ ఎలా పనిచేస్తుందో ఎవరో ఒకరు బయటపెట్టి రాయడం వల్ల. 8390 వివరాలు అందరికీ అందాయి కాబట్టే ఊరూపేరూ లేని నకలు కూడా లినక్స్‌లో నడిచింది. వివరాలు దాచిన ఖరీదైన కార్డు పెట్టెలోనే ఉండిపోయింది.

ఇవాళ లినక్స్ వేసుకునే కుర్రవాళ్లకు నా మాట. కార్డు కనిపించకపోతే వెంటనే ఇన్‌స్టాల్ మళ్లీ మొదలుపెట్టకండి. ముందు ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుతో ఆ నంబర్ల జత చూడండి. జత కనిపిస్తే కార్డు బాగానే ఉన్నట్టు, లోటు డ్రైవరుదో ఫర్మ్‌వేర్‌దో. డీమెసేజ్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది, చదవండి. పని పూర్తయ్యాక నంబరు, వెర్షన్, చేసిన మార్పు తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పదిమందికీ అందుబాటులో పెట్టండి.