బండికి కొత్త గుండె

మా అక్క కొడుకు ఒకనాటి సాయంత్రం కాఫీ వేళకు వచ్చి, నా ముందు ఒక కాగితం పరిచాడు. పెళ్ళి సామాన్ల పట్టీ అంత పొడుగుంది.

"పిన్నమ్మా, నా పాత జిప్సీకి ఇంజను మార్పిస్తా ఉండా. ఏమేం కావాల్నో అన్నీ రాసినా, చూడు" అన్నాడు.

పెద్ద ఇంజను, వెడల్పు టైర్లు, కొత్త లైట్లు, ఊరంతా ఉలిక్కిపడే హారను. ఏమీ వదల్లేదు. నాకెందుకు చూపించాడంటే, డబ్బుకు వాళ్ళ నాన్నను ఒప్పించాల్సింది నేనట!

ఇంజను మార్చడమంటే రుబ్బురోలు తీసి గ్రైండరు పెట్టుకున్నట్టే అనుకుంటాం. గ్రైండరు వచ్చాక ప్లగ్గు మార్చాలి, వైరు మార్చాలి, ఒక్కోసారి గట్టు కూడా మార్చాలి. బండి సంగతీ అంతే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ సరదా వీడితో మొదలైంది కాదు. మన తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది, రెండోది 1974లో. ఆ కొండెక్కిన కార్లలో అంబాసిడరును మరిచిపోగలమా? 1957లో పుట్టిన కారది. ఇంటిల్లిపాదీ ఎక్కి, గుండు చేయించాల్సిన పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బయల్దేరితే, దాని ఒకటిన్నర లీటరు ఇంజను ఆయాసపడేది. మలుపులో ఆపి, బానెట్టు ఎత్తి, రేడియేటరులో నీళ్ళు పోసి, గోవిందా అంటూ మళ్ళీ కదిలేవాళ్ళు.

ఆ అంబాసిడరుకు కంపెనీవాళ్ళే 1992లో గుండె మార్చారు. జపాను ఇసుజు వారి 1817 సి.సి. ఇంజను పెట్టారు. ఒంటి తీరు పాతదే, ఊపిరి కొత్తది. అయితే ఇంజను ఒక్కటే పెట్టి ఊరుకోలేదండోయ్! అయిదు గేర్ల పెట్టె ఇచ్చారు. స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీ నేలమీదికి దిగింది. జిప్సీ కూడా అంతే. జపాను సుజుకీ వారి నమూనా మీద 1985లో 970 సి.సి.తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజను వేసి, నాలుగు గేర్లను అయిదు చేసి జిప్సీ కింగ్ అన్నారు. కంపెనీవాళ్ళు ఒకటి మారిస్తే దానికి తగ్గట్టు పదీ సరిచూస్తారు. గ్యారేజీలో ఆ పదీ ఎవరు చూడాలి?

అన్నట్టు, ఇసుజు అనేది జపానులో ఒక నది పేరు. ఇసే అనే గొప్ప పుణ్యక్షేత్రం పక్కనే పారుతుంది, మన శ్రీకాళహస్తికి స్వర్ణముఖిలాగా. ఆ నది పేరు పెట్టుకున్న కంపెనీ 2016లో మన శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ తెరిచింది. ఏ నీళ్ళ రుణం ఎక్కడిదో!

సరే, మళ్ళీ మావాడి పట్టీకి వద్దాం. రెండుసార్లు చదివి అడిగాను.

"బ్రేకులకెంత రాసినావు నాయనా?"

"బ్రేకులు ఉండాయి కదా పిన్నమ్మా, అవి బాగానే పట్తాయి."

ఇక్కడే నా గుండె ఝల్లుమంది. కొండెక్కడానికి ఇంజను కావాలి, దిగడానికి బ్రేకు కావాలి. వేగం రెండింతలైతే, ఆపడానికి బ్రేకు మీద పడే పని నాలుగింతలు. ఘాట్‌లో దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు తొక్కితే అది కాలిపోయేంత వేడెక్కి పట్టు తప్పుతుంది. అందుకే తెలిసిన డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగమంటారు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన పెట్టిందీ అందుకే. ఎక్కేదానికన్నా దిగేదానికే ఎక్కువ నిదానం కావాలన్నమాట. జీవితంలో కూడా అంతేనేమో!

ఇంకో సంగతి. ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అదే రకం ఇంజను వేయించుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చట్టం మాటనే గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మారిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు చేతులెత్తేయవచ్చు. అప్పుడు ఏ పిన్నమ్మ సిఫార్సూ పనిచేయదు.

"మీ నాన్నతో నేను మాట్లాడతా. ముందు నువ్వు ఆర్.టి.ఓ. ఆఫీసులో మాట్లాడిరా. వాళ్ళు కాదంటే ఉన్న ఇంజన్నే బాగు చేయించుకో" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కముందే కొత్త కాగితంతో వచ్చాడు. మొదటి పంక్తి: ఆర్.టి.ఓ. అనుమతి. రెండు: బ్రేకులు. మూడు: రేడియేటరు. నాలుగు: క్లచ్చి. ఇంజను అయిదో స్థానానికి దిగింది.

హారను మాత్రం కొట్టేయలేదు. వయసు కదా!